ఫైరింజను తిరుగుతుందా?

మా మావయ్యగారికి భూమ్మీద ఏ చోటు చూపించినా ఒక్కటే ప్రశ్న: "ఫైరింజను తిరుగుతుందా?"

ఆయన మా ఆవిడకి స్వయానా బాబాయి. అగ్నిమాపక శాఖలో అధికారి, బ్రహ్మచారి. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు నా జీతం అడగలేదు, చదువూ అడగలేదు. ఫైరింజను వెడల్పుకి కోయించుకున్న వెదురుకర్రని అడ్డంగా పట్టుకుని, "డుర్‌ర్‌ర్" అంటూ మా సందులోకి వచ్చారు. చివర్లో తిరగబోయి మా నాన్న కళ్లజోడు ఎగరగొట్టారు.

"కుర్రాడు బంగారం. సందే బాలేదు," అని తేల్చేశారు.

ఆ కథ మా ఆవిడ ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. దాచడమెందుకు, కుళ్లు! నేను సంచీడు కూరలు మోసుకొస్తే "ఊఁ" అంటుంది. ఆయన వట్టి కర్రతో వస్తే, "బాబాయ్, చిక్కిపోయావు!" అంటుంది. ఆయన బరువు తొంభై కిలోలు.

నేను లేఅవుట్లు మంజూరు చేసే ఆఫీసులో గుమాస్తాని. ఊరికి దూరంగా పొలాల్లో నలభై ఇళ్ల లేఅవుటు ఒకటి వచ్చింది. సొంతిల్లు కోసం పదేళ్లుగా కలలు కంటున్నవాణ్ణి, అందులో చిట్టచివరి స్థలం మాట్లాడుకున్నాను. ఇక శాఖలన్నీ తమ అభ్యంతరాలు చెప్పాలి. రోడ్లవాళ్లు మలుపు గురించి రెండు ముక్కలు రాశారు, నీళ్లవాళ్లు బోర్ల గురించి మూడు. మావయ్యగారి దగ్గర్నుంచి పదిహేడు పేజీలు వచ్చాయి.

విషయమేమిటంటే, నేను ఇల్లు కట్టుకోబోయే వీధికి చివర దారి లేదు. అక్కడ ఫైరింజను తిరగదు. గుండ్రంగా చోటు వదిలేదాకా లేఅవుటు ఆపాలిట.

"గుండ్రం ఎక్కడ గీస్తారు? నా స్థలంలోనే!" అని ఇంట్లో గంతులేశాను.

"బాబాయి ఏం చేసినా ఆలోచించే చేస్తాడు," అంది మా ఆవిడ.

"అంటే నేను ఆలోచించకుండా చేస్తాననా?"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకి రెండు రోజులు నిద్రపట్టలేదు.

విచారణ రోజున లేఅవుటు యజమాని, "పొలాల్లో మంటలేమిటండీ? కావాలంటే ఇంజను రివర్సులో బయటికొస్తుంది," అన్నాడు. అంతే, మావయ్యగారు కర్ర అందుకున్నారు. "కుయ్, కుయ్" అంటూ కుర్చీల మధ్య వెనక్కి నడిచి బీరువాని, మా పెద్దసారు ఫ్లాస్కుని, చివరికి ఆ యజమానినే గుద్దేశారు.

"ఇది పట్టపగలు. అదే పొగలో అయితే?"

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా, బాబాయి వాదన వినడానికని వచ్చి కూర్చున్న మా ఆవిడే కొట్టింది. మా పెళ్లిలో కూడా ఆవిడ మొహం అంత వెలిగిపోలేదు.

వారానికి సవరించిన పటం నా బల్ల మీదికి వచ్చింది. గుండె చిక్కబట్టుకుని విప్పాను. నా స్థలం చెక్కుచెదరలేదు. ఎదుటి స్థలమే గుండ్రంలో కలిసిపోయింది. 'ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను' అని దాని యజమాని రాసిచ్చిన కాగితం జత చేసి ఉంది. కింద సంతకం మావయ్యగారిది!

పరుగెత్తుకుంటూ వెళ్లాను. "ఆ స్థలం మీదా మావయ్యగారూ?"

"రిటైరయ్యాక పిల్లకి ఎదురుగా ఉందామని తీసుకున్నాలే."

"మరి వదిలేశారేం?"

"మీది చిట్టచివరి ఇల్లు అల్లుడూ. మా బండి రాలేకపోతే ఎలా? లోపల పిల్ల ఉంటుంది." కర్రని గోడకి ఆనించి, "నువ్వూ ఉంటావు," అన్నారు.

ఆ "నువ్వూ" దగ్గర నా నోరు జారింది. "అయితే మీరు మాతోనే ఉండాలి," అనేశాను. మనస్ఫూర్తిగానే జారింది లెండి.

ఇప్పుడు మా ఆవిడ ఇంటి ప్లాను గీస్తోంది. ఆయన గది మా గదికన్నా రెండడుగులు పెద్దది. ఇదేం న్యాయమని అడిగితే, తలెత్తకుండానే అంది:

"మరి కర్ర తిరగొద్దూ?"