చర్ల నుంచి ఖమ్మానికి, నా ఎడమచేయి సాక్షిగా

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను. పనిచోట దెబ్బ తగిలి ఖమ్మం లేబర్ ఆఫీసుకు పోవాల్సిన అడవి పల్లెల వాళ్లకు పనికొస్తుందని ఇదంతా చెబుతున్నాను. ఎనభైల చివరి సంగతి. చర్ల దగ్గర ఒక కంట్రాక్టరు డిపోలో వెదురు బొంగులు ముక్కలు చేసే మిషను మీద ఎనిమిదేళ్లు పనిచేశాను. మిషనుకు మూత లేదు. ఒకనాడు నా ఎడమ బొటనవేలు తీసుకుపోయింది. "ఈ ముసల్ది మా డిపోల ఎన్నడు పనిచెయ్యలే" అన్నాడు కంట్రాక్టరు. కూలీల హాజరు రాసే మస్టరులో వేరే ఎవరి పేరో రాసి, దానికెదురుగా నా ముద్ర వేయించుకున్నాడట. ఆ ముద్ర నాదని చూపిద్దామంటే ఇప్పుడు ఆ వేలే లేదు. నేను అక్కడి కూలీనని తేలితేనే నాకు పరిహారం, ఆ మిషనుకు మూత.

నాతో వచ్చింది సుభద్ర. చర్ల నుంచి ఏన్కూరు దాకా డిపోలు, కోతమిల్లులు తిరిగి పనివాళ్ల భద్రత చూసే కోఆర్డినేటరు. అప్పటికి ఏడాది కిందట మా డిపోకొచ్చి, మిషను దగ్గర కొంగు ఎలా బిగించుకోవాలో, చెయ్యి ఎంత దూరంలో ఉంచాలో నేర్పి, నేర్చుకున్నవాళ్ల పేర్లు, మిషను పేరు రాసి వేలిముద్రలు తీసుకుంది. ఆ కాగితమే మా ఆధారం.

పొద్దున అయిదున్నరకు చర్లలో మొదటి బస్సెక్కాం. గుంతల రోడ్డు, పైగా పోలీసు క్యాంపు దగ్గర అందరినీ దింపి సంచులు వెతికారు. భద్రాచలం చేరేసరికి ఎనిమిది దాటింది. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిని, తొమ్మిదింటికి ఖమ్మం బస్సు పట్టుకున్నాం. టికెట్టు ఇరవై రూపాయల పైమాటే. గోదావరి వంతెన దాటితే సారపాక, వెదురు లారీల బారు. కిటికీ మీద చెయ్యి పెట్టుకుంటే కండక్టరు అరిచాడు.

"అవ్వా, చెయ్యి లోపటికి తియ్యి!"

"ఉన్న నాలుగు వేళ్ల మీద నీకన్న నాకే ప్రేమ ఎక్కువలే. నువ్వు టికెట్లు కొట్టు."

బస్సంతా నవ్వింది, సుభద్ర నవ్వలేదు. ఒళ్లో కాగితం పెట్టుకుని దిగులుగా చూస్తోంది. "ముద్ర నీదని చూపియ్యనీకి ఆ బొటనవేలే కావాలె పెద్దమ్మా. మూత కోసం నేనింకో రెండుసార్లు పోయి కొట్లాడితే నీకు గిట్ల కాకపోవు" అని కళ్లు తుడుచుకుంది. నిజం చెబితే కాగితం తప్పుడుదని నన్నే జైల్లో వేస్తారని భయం. కొత్తగూడెం దాటినా నోరు విప్పలేదు.

ఏన్కూరులో టీ కోసం బస్సు పది నిమిషాలు ఆగింది. ఇక ఉండలేకపోయాను.

"బిడ్డా, తిట్టనంటే ఒకటి చెప్త."

"ఏంది పెద్దమ్మా?"

"నీ కాయితం మీదున్నది బొటనవేలు కాదు. నడిమివేలు. మేం పద్నాలుగు మందిమి గట్లనే పెట్టినం. నేనే పెట్టిచ్చిన."

మా దిక్కున వేలిముద్ర అంటే భూమి పోవడమే. తెల్లకాగితం మీద ముద్ర తీసుకుని పోడు చెలకలు రాయించుకున్నవాళ్లను నా చిన్నప్పటి నుంచీ చూశాను. అందుకే ఆమె తలవంచి పేర్లు రాస్తుండగా వేలు మార్చాం. ఆ కాగితం ఎక్కడా చెల్లకూడదని.

సుభద్ర నా ఎడమచెయ్యి లాక్కుని నడిమివేలు చూసింది. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలికి తెగిన గీత, వేలికి అడ్డంగా. కాగితం మీదా అదే గీత, తెల్లగా. టీ ఒలికేలా నవ్వింది.

"నన్ను దొంగననుకున్నవా?"

"అవ్, ఆ దినం అనుకున్న. ఇయ్యాల నీ చాయ పైసలు నేనే ఇస్త, తాగు."

ఖమ్మం చేరేసరికి ఒకటిన్నర. ఆఫీసులో కంట్రాక్టరు గుమాస్తా ముందే కూర్చున్నాడు. "బొటనవేలే లేదు, ఇగ ఏం జూస్తరు సార్?" అన్నాడు. నేను నడిమివేలు ఇంకు ప్యాడ్ మీద అద్ది కొట్టాను. అధికారి భూతద్దంతో రెండు ముద్రలూ పక్కపక్కన చూశాడు. రెంటిలోనూ అదే గీత. గుమాస్తా పెన్ను మూత పెట్టుకున్నాడు. నా పేరు, ఆ పక్కన 'వెదురు డిపో కూలి' అని రాశారు. రెండుసార్లు చదివించుకుని విన్నాను. నాకు పరిహారం ఇవ్వాలన్న మాటతోపాటు మిషనుకు మూత వేయాలన్నది కూడా రాసేదాకా సుభద్ర కుర్చీలోంచి లేవలేదు.

నెల తిరగకముందే ఇనుప మూత వచ్చింది. డిపోకు వెళ్లి దాని మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. పోయిన వేలు రాదు. కానీ నేను దొంగ అనుకున్న మనిషే నాకోసం రోజంతా బస్సుల్లో నలిగింది, ఆ రుణం తీరేది కాదు. ఆ తర్వాత సుభద్ర మళ్లీ ప్యాడ్ పట్టుకొచ్చినప్పుడు అందరికంటే ముందు నేనే వెళ్లి కుడి బొటనవేలు పెట్టాను. నన్ను చూసి మిగతావాళ్లూ పెట్టారు.

ఖమ్మం పోయేవాళ్లకు నా సలహా ఒక్కటే. మీకోసం వచ్చే మనిషికి చెప్పాల్సింది చర్లలో బస్సెక్కకముందే చెప్పేయండి. నేను ఏన్కూరు దాకా దాచి ఆ పిల్లను ఊరికే ఏడిపించాను.