మా ఇంటి మెడికల్ బోర్డు

మా పెద్దనాన్నకి మనిషి కనిపించగానే "అన్‌ఫిట్" అని తేల్చేయకపోతే తిన్నది అరగదు.

ఆయన ఉద్యోగమంతా సైనిక అధికారుల అకాడమీలో చేరడానికి వచ్చేవాళ్లకి వైద్యపరీక్షలు జరిపే ఆఫీసులో గడిచింది. పరీక్షించేది డాక్టర్లు. బయటికొచ్చి, బెంచీల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్న పిల్లలకి ఫలితం చదివి వినిపించేది పెద్దనాన్న. రిటైరయ్యాక బెంచీలు పోయాయిగానీ చదవడం ఆగలేదు.

పాలవాడు గుమ్మంలోకి రాగానే, "గాలి పీల్చు. ఛాతీ పెంచు" అనేవారు. వాడు క్యాను పట్టుకునే ఉబ్బేవాడు.

"చాల్లేదు. అన్‌ఫిట్. అప్పీలు చేసుకో."

"రేపు బాగా పీల్చుకొస్తానండీ" అని వాడు పాలు పోసి వెళ్లేవాడు.

నన్నయితే కళ్లజోడు చూసి గేటు బయటే ఆపేశారు.

"పుస్తకంలో ముక్కు పెట్టి చదివేదానివి, శత్రువునెలా చూస్తావే?"

"పుస్తకంలో ఉంటే చూస్తాను పెద్దనాన్నా."

"అన్‌ఫిట్. అప్పీలు చేసుకో."

ఓసారి కూర నోట్లో పెట్టుకుని అమ్మకీ తీర్పు చెప్పబోయారు.

"అప్పీళ్లు లేవు బావగారూ. అదే తినాలి."

పళ్లెం ఖాళీ చేసి లేచారు.

ఆయన కబుర్లు వినీ వినీ మా చెల్లి ఆ అకాడమీకే అప్లికేషన్ పెట్టింది. చిన్నప్పటి నుంచీ దానికి వేరే కల లేదు. రాతపరీక్ష దాటింది, ఇంటర్వ్యూ గట్టెక్కింది, తీరా చెవి దగ్గర చిక్కుకుంది. గులిమి గట్టిపడి లోపలేమీ కనిపించడం లేదట. అన్‌ఫిట్ అన్నారు.

అది ఇంటికొచ్చేసరికి అందరం గుమ్మంలోనే ఉన్నాం. చెల్లి బ్యాగు గోడకి చేరేసి, "అమ్మా, ఆకలి" అంది.

"నువ్వు ఏడవలేదా?" అన్నాను.

"పక్కవాళ్లు ఏడ్చారక్కా. నాకు మాత్రం ఆ మాట వింటే ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టే ఉంది. అప్పీలు ఎక్కడ పెట్టాలో కనుక్కుని వచ్చేశా."

పెద్దనాన్న మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

"ఇందుకా బావగారూ, ఇన్నాళ్లూ మమ్మల్ని వేపుకుతిన్నారు?" అంది అమ్మ.

"ఆ మాట మొదటిసారి విన్నవాళ్లే కూలబడిపోయేవాళ్లమ్మా. వెనకాలే వెళ్లి అప్పీలుందని చెప్పినా చెవికెక్కేది కాదు. మన పిల్లలకైనా ముందే అలవాటు చేద్దామని..."

"మరి పాలవాడికెందుకూ?"

"వాడూ ఎవరో కన్న పిల్లాడేగా!" అని, తనలో తనే గొణుక్కున్నారు. "అందరి ఛాతీలూ చూశాను. చెవి చూడ్డం మర్చిపోయాను."

చెవుల డాక్టరు శుభ్రం చేశాక, మళ్లీ పరీక్షకి ముగ్గురం కలిసి వెళ్లాం. చెల్లి లోపలికి వెళ్లింది. పెద్దనాన్న కూర్చోలేక, నిలబడలేక వరండా అంతా కాలుగాలిన పిల్లిలా తిరిగారు.

చెల్లి పరుగున బయటికొచ్చేసరికి ఆయన నా పక్కన లేరు. వరండా చివర ఎవరో అమ్మాయి చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తోంది. పెద్దనాన్న పక్కనే కూర్చుని తల నిమురుతున్నారు.

"అప్పీలు గది నేను చూపిస్తాగా. ముందిది చెప్పు, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

"ఫిట్టయ్యాను పెద్దనాన్నా!" అని అరిచింది చెల్లి.

ఆయన తల తిప్పకుండానే చెయ్యెత్తారు. "నువ్వాగమ్మా, ఈ పిల్ల సంగతి చూడనీ!"

చెల్లి నడుం మీద చేతులేసుకుని నా వైపు తిరిగింది.

"ఫిట్టయినవాళ్లని పట్టించుకునే నాథుడే లేడేంటక్కా ఇక్కడ!"