అనుమానానికి అందని తడిబట్ట

మా పక్కింటి కరెంటు బాబాయి మొన్న మంగళవారం తెల్లవారుజామున పోయాడు. కబురు నరసరావుపేట బజారు చుట్టొచ్చేలోపే ఆయన్ని కరెంటు చంపిందని జనం తీర్పు చెప్పేశారు. పాఠక మహాశయులకు నా మనవి: ఇందులో కరెంటు దోషమేమీ లేదు. పది రోజుల జ్వరం. మందు సీసాను కూడా వెలుతురుకు ఎత్తిపట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుని గాని గొంతులో పోసుకోలేదని పిన్ని చెప్పింది. ఇన్నేళ్ళూ ఒక శత్రువుకు కాపలా కాస్తే, వేరే ఎవడో వెనకనుంచి వచ్చి ఎత్తుకుపోయాడు. నాకిది చానా అన్యాయంగా తోస్తోంది.

బాబాయి మాకు చుట్టం కాదు. బెజవాడలో వైరింగు పని నేర్చి, ఊళ్ళో దీపాలు వచ్చిన కొత్తలో మా పక్కింట్లో దిగాడు. ఆయన లెక్కలో లోకాన ఉన్నవి రెండే జాతులు: పొడివాళ్ళు, తడివాళ్ళు. ఎవరు పలకరించినా ముందు మొహం చూడడు, చేతులు చూస్తాడు. గోడలను అరచేత్తో తట్టి, కాసేపు చెయ్యి అక్కడే ఉంచి, వాటి నడవడి కనుక్కునేవాడు. "గోడ పొడిగానే కనపడుద్దిరా. వానలు పడ్డాక దాని బుద్ధి తెలుసుద్ది" అనేవాడు.

మా ఇంట్లో దీపాలు పెట్టేటప్పుడు స్నానాల గది దగ్గర పేచీ వచ్చింది. స్విచ్చి లోపల, నీళ్ళ కాగు పక్కనుంటే సుఖమని నాన్న. బయట, తలుపుకు బారెడు దూరాన తప్ప పెట్టనని బాబాయి. వైరు మిగుల్చుకునే ఎత్తేమోనని నాన్న అనుమానించాడు. తీరా చూస్తే బయట పెట్టడానికే వైరు ఎక్కువ పట్టింది. అది తేలాక నాన్న అనుమానం రెట్టింపయింది.

బయటి స్విచ్చి వల్ల మేలు జరిగింది నాకొక్కడికే. అన్నయ్య కళ్ళనిండా కుంకుడు రసంతో ఉన్నప్పుడు దీపం ఆర్పే భాగ్యం దక్కింది. రెండోసారికే బాబాయి పట్టుకున్నాడు. తిట్టలేదు. నా అరచేతులు తిప్పి చూసి, పొడిగా ఉన్నాయని తృప్తిపడి వదిలేశాడు.

అసలు గండం నాయనమ్మ రూపంలో వచ్చింది. ఆమెకు మడి అంటే ప్రాణం. పొద్దున్నే స్నానం చేసి తడిబట్టతోనే వంటింట్లోకి నడిచేది. ఆ మధ్యలో పదిమంది ముట్టుకున్న వస్తువేదన్నా తాకాలంటే, ముందు దానిమీద నీళ్ళు చల్లి శుద్ధి చేసేది. రోజూ ఆమె వచ్చాక దీపం ఆర్పేది మా అమ్మ. అమ్మ కారంపూడి పుట్టింటికి వెళ్ళిన మర్నాడు ఆ పని నాయనమ్మ మీద పడింది.

బాబాయి ఏదో పనిమీద మా పెరట్లోకి వచ్చేసరికి ఆమె తడి కాళ్ళతో బండమీద నిలబడి, చెంబులోంచి పుడిసెడు నీళ్ళు తీసుకుని స్విచ్చి ముందుకు చెయ్యి చాస్తోంది. బాబాయి అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి చెయ్యి ఆనిస్తుందని భయం. వసారాలోకి ఒక్క ఉరుకున పోయి మెయిను దించేశాడు. దీపం ఆరింది. నీళ్ళు అప్పుడు పడ్డాయి.

నాయనమ్మ స్విచ్చి వైపు మెచ్చుకోలుగా చూసింది. "శుద్ధి చేస్తే ఎట్లా మాట విన్నదో చూశావురా" అని పక్కనే ఉన్న నాతో అంది.

బాబాయి మెట్టుమీద కూలబడ్డాడు. సంగతి తెలిసి నాన్న నాయనమ్మ మీద లేవబోతే ఆపాడు. "ఆమెనేం అనబాక అన్నా. తప్పు నాది. గదిలో తడిని అనుమానించా గానీ, ఆ తడి గడప దాటి నడిచొస్తదని అనుకోలా."

కాస్త తేరుకున్నాక నాయనమ్మకు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "పెద్దమ్మా, ఎవరు ముట్టుకున్నా మైల పడనిది ఏందన్నా ఉందా?"

"పట్టు. పట్టుకు మైలేందిరా?"

ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. వారం తిరక్కుండా గుంటూరు నుంచి తాడు లాగితే పనిచేసే స్విచ్చి తెచ్చి, తలుపు బయట చూరు కింద ఎవరికీ అందనంత ఎత్తున బిగించాడు. దానికి వేలాడదీసింది పట్టుతాడు. తన పెళ్ళినాటి ఉత్తరీయం చింపి పేనాడని పిన్ని తర్వాత చెప్పుకుని బాధపడింది.

నాయనమ్మ ఊరికే ఒప్పుకోలేదు. నూలు కలిపాడేమోనని ఒక పోగు లాగి, కాల్చి, వాసన చూసింది. వెంట్రుకలు కాలిన కంపు వచ్చాకే నమ్మింది. బాబాయి మహదానందపడ్డాడు. "అట్టా ఉండాల పెద్దమ్మా. దీన్ని గూడా పూర్తిగా నమ్మబాక. తడిస్తే పట్టూ మాట తప్పుద్ది. చెయ్యి తుడుచుకుని లాగు."

మొన్న మంగళవారం బాబాయి పోయిన కబురు రాగానే నాయనమ్మ స్నానానికి లేచింది. అప్పటికింకా చీకటే. నీళ్ళ చప్పుడు ఆగి చానాసేపైనా వంటింట్లోకి రాకపోతే పెరట్లోకి వెళ్ళి చూశాను. తడిబట్టతో తలుపు పక్కన నిలబడి ఉంది. చెయ్యి పైకెత్తి, తాడు అందుకోకుండానే దించుకుంది. ఆమె అట్లా నిలబడి ఉండగానే తెల్లారి, ఎండ గోడ దిగి, గడప దాటి లోపలికి పోయింది. ఆ వెలుతురులో బల్బు వెలవెలబోతూ వెలుగుతూనే ఉంది. ఆర్పమని ఇంట్లో ఎవరమూ అనలేదు.