వీపు తిప్పి కూర్చునే అత్త

మా అత్త పోయిన సంగతి నాన్న నాకు రెండో మాటగా చెప్పాడు. మొదటి మాట, "ఆ బొమ్మలు ఇంకా ఏత్తన్నావేటి?" అని. వేస్తున్నానన్నాను. ఫోన్లో గాలి హోరు. మా ఊళ్ళో ఫోన్ పలికేది బడి వెనక రాతిబండ మీదే, అక్కడెప్పుడూ గాలే. "మీ అత్త ఎలిపోనాది. బేగి రా" అని పెట్టేశాడు.

విశాఖలో నా గది నుంచి బయల్దేరి, అనంతగిరి దాటాక బస్సు దిగి, గంట నడిచి ఇల్లు చేరాను. వాకిట్లో అమ్మ చోళ్ళు చెరుగుతోంది. చేట ఆపకుండానే అంది: "ఒచ్చినావా? నా గుంటడ్ని తినీసినదాన్ని దేవతని సేసి కత కట్టినావు కదా. ఏడు, నువ్వైనా ఏడు."

నాన్న అరుగు మీంచి లేచాడు. "దేవత ఏటే, రాచ్చసిని సేసింది. సొంత మేనత్తకి కోరలెట్టి కొండ మీద కూకోబెట్టింది."

ఇద్దరూ చూసినవి ఒకే కాగితాలు, పోయిన వేసవిలో నేను ఇంట్లో వదిలేసి వెళ్ళినవి. ఒకరికి అందులో దేవత కనిపించింది, ఇంకొకరికి రాక్షసి. నువ్వు వేసింది ఏమిటని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు. డిగ్రీ చదివిన కూతురు ఏం చేసినా అయితే పొగరుతో, లేకపోతే ఊరి మీద కోపంతో చేస్తుందని మా ఇంట్లో ఎప్పుడో తేల్చేసుకున్నారు.

ఆ బొమ్మల సంగతి ముందు చెప్పాలి. అవి ఒక ఫోన్ ఆట కోసం వేసినవి, మీలో కొందరు ఆడే ఉంటారు. అందులో పదో మెట్టులో ఒక కొండ ముసలి ఉంటుంది. మనకి వీపు పెట్టి కూర్చుంటుంది. దాని చుట్టూ ఉన్న కుండల్లోంచి తిండి దొంగిలించుకుపోవాలి. అది ఇటు తిరిగి, మన తిండి మీద దాని చూపు పడిందంటే ప్రాణం పోయినట్టే. ఆ ఆట చేసిన కంపెనీ ఇప్పుడు అందులోని విలన్లందరికీ తలా ఒక కామిక్ పుస్తకం వేస్తోంది. ఆటలోకి రాకముందు వాళ్ళెవరు, ఎందుకలా తయారయ్యారు అని. ముసలి పుస్తకం నా చేతికొచ్చింది. కొండ పిల్లని కదా, కొండలు బాగా వేస్తానని.

ఇక అత్త. నాన్నకి అక్క. ఆమె ఇల్లు ఊళ్ళో లేదు. ఊరికీ ఆమెకీ మధ్య గెడ్డ పారుతుంది. గెడ్డ అవతల, కాఫీ మొక్కల చివర, ఒక్క గది. నేను హాస్టల్ నుంచి సెలవులకి వచ్చేటప్పుడు ముందు ఆ ఇల్లే తగిలేది. అమ్మకి తెలియకుండా అక్కడ ఆగి, ఒక తప్పేలా అంబలి తాగి, మూతి తుడుచుకుని ఇంటికి వెళ్ళేదాన్ని.

అంబలి పోసి, ఎండుచేప కాల్చి పెట్టి, అత్త గోడ వైపు తిరిగి కూర్చునేది. నేను తినడం పూర్తయ్యేదాకా ఇటు తిరిగేది కాదు. మాటలన్నీ గోడతోనే. "ఉప్పు సాలిందేటి?" అనేది. "అడుగు గీకుతన్నావు, ఇంకో గరిటె ఏసుకో" అనేది. నా చెంచా చప్పుడును బట్టే కడుపు ఎంత నిండిందో చెప్పేసేది. అది మర్యాద అనుకునేదాన్ని. హాస్టల్లో ఒకసారి స్నేహితురాలు తింటుంటే నేనూ అలాగే గోడ వైపు తిరిగి కూర్చున్నాను. "నా తిండి అంత అసహ్యమా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంకో అలవాటు. సంతకి వెళ్ళినా, పసుపు తవ్వి తెచ్చినా, అత్త తన బుట్ట మీద గుడ్డ కప్పేది కాదు. వాన పడుతున్నా సరే. ఒకసారి బెల్లం తడిసి నీరైపోతుంటే నా గొడుగు అడ్డం పెట్టబోయాను. గొడుగు తోసేసింది. "తీసీ. ఏటి తెత్తన్నానో అందరికీ అవుపడాల." ఇంటి చుట్టూ ఒక్క మొక్క కూడా నాటేది కాదు. నాటాలంటే తవ్వాలి కదా, ఏం పాతిపెట్టిందో అంటారు. ఆ ఇంటి చుట్టూ నేల బోడిగా, అలికినట్టుండేది. చుట్టూతా కొండంతా పచ్చగా ఉంటే అక్కడొక్కటే గుండు చేసినట్టు.

చిల్లంగి అనే మాట నాకు తెలుసు. మన్యంలో పెరిగిన పిల్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? చూపుతో, మందుతో మనిషిని తీసేసే విద్య అని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఆ మాట మా ఇంటి మనిషి మీదే పడిందని మాత్రం డిగ్రీ రెండో ఏడు దాకా నాకు తెలియదు.

ఆ ఏడు సెలవుల్లో అత్త ఇంట్లో కూర్చుని ఆట ఆడుతున్నాను. ఫోన్లోకి తొంగి చూసింది. ముసలి వీపు కనిపించగానే పక్కున నవ్వింది.

"ఓలే గుంటా, దీని ఈపు నా ఈపులాగే ఉందే! నన్ను ఈ డబ్బాలో ఎవులెట్టినారు?"

"అది విలన్ అత్తా. చెడ్డది. తిరిగి చూసిందంటే మనం చచ్చిపోతాం."

నవ్వు ఆగింది. ఆ తర్వాత చెప్పింది. కాఫీ పళ్ళలో పచ్చివి ఏరుతూ, చేతులు ఆపకుండా చెప్పింది.

నాకంటే ముందు అమ్మకి ఒక కొడుకు. రెండేళ్ళవాడు. అప్పుడు అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు. వాన రోజులు. అమ్మ వాడికి అంబలి పెడుతోంది. అత్త గుమ్మంలో నిలబడి చూసింది. "నానేటన్నాను? 'బాగా తింటన్నాడే' అన్నాను. అంతే." మర్నాడు వాడికి జ్వరం పట్టుకుంది. గెడ్డ పొంగి కిందికి దించే దారి లేదు. మూడో రోజుకి పోయాడు. మంచీ చెడూ చూసి చెప్పే దిసారిని పిలిచారు. పిల్లాడి తిండి చూసి ఎవరేమన్నారు అని ఆయన అడిగాడు. అమ్మ చెప్పింది.

"మీ అమ్మ అబద్దం సెప్పలేదే" అంది అత్త. "నానన్నాను కదా. అన్నానని సెప్పింది."

పెద్దలు కూర్చున్నారు. నాన్న వాళ్ళ కాళ్ళు పట్టుకుంటే చంపకుండా వదిలిపెట్టారు. గెడ్డ అవతల ఉండాలి. ఎవరి తిండీ కంటితో చూడకూడదు. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ మాట అత్త ఒక్క పూట తప్పలేదు, చూసేవాళ్ళు లేని చోట, నా ముందు కూడా.

అమ్మ మీద నాకు కోపం వచ్చింది. "నువ్వు తిరగబడాల్సింది" అన్నాను. చదువుకున్న గొంతుతోనే అన్నాను. అత్త ఒక పచ్చి కాయ తీసి నా మీద విసిరింది. "తిరగడమే ఒద్దన్నారు, తిరగబడమంటావేటే" అంది.

కామిక్ పని వచ్చినప్పుడు ఆమె వీపే నా కళ్ళలో ఉంది. అయినా మొదటిసారి నేను వేసింది కంపెనీ కొలతకే. ఆ వరసలో ప్రతి పుస్తకానికీ ఒకే ఎముకల గూడు: విలన్ చిన్నప్పుడు మంచివాడు, అన్యాయం జరిగింది, ఒక పేజీలో మనసు విరిగి చెడ్డవాడయ్యాడు. ఆ పేజీని మా ఎడిటర్ మలుపు పేజీ అంటాడు. నేనూ ఒక మలుపు వేశాను. ఊరు వెలివేస్తే ముసలి పగబట్టి గెడ్డలో విషం కలుపుతుంది, ఒక పిల్లాడు చచ్చిపోతాడు. ఏడుపొచ్చేలా వేశాననుకున్నాను. పోయిన వేసవిలో కాగితాలు తీసుకెళ్ళి అత్త ముందు పరిచాను.

ఆమెకి చదువు రాదు. బొమ్మలు ఒక్కొక్కటే వేలితో తడిమింది. పిల్లాడి దగ్గర ఆగింది.

"ఈ గుంటడికి ఏటైంది?"

"చచ్చిపోయాడు."

"ఎందుకూ?"

"ఈవిడ నీళ్ళలో విషం కలిపింది కదా."

"నువ్వు సూసినావేటి?"

"చూడ్డమేంటి అత్తా, నేనే కదా రాశాను."

"నువ్వే రాసినావా." కాగితం నా వైపు తోసింది. "నాకూ అలగే ఎవులో రాసీసుంటారు."

లేచి, నాకు అంబలి పోసి, గోడ వైపు తిరిగింది. ఆ పూట తప్పేలాలో సగం అలాగే ఉండిపోయింది. "తినడం మానీసినావేటి?" అని గోడతో అంది.

విలన్ మీద జాలిపడమంటారు ఈ పుస్తకాలన్నీ. జాలి పడాలంటే ముందు వాళ్ళు నేరం చేశారని ఒప్పుకోవాలి. అత్తకి కావలసింది జాలి కాదని ఆరోజు అర్థమైంది. ఆ కాగితాలు ఇంట్లో ఒక మూల పడేసి విశాఖ వచ్చేశాను. అమ్మా నాన్నా చూసినవి అవే. నాన్న అన్నది పూర్తిగా తప్పని నేననలేను. ఒకసారి నేనూ ఆమెని రాక్షసిని చేశాను.

తర్వాత మొత్తం కొత్తగా వేశాను. ఎడిటర్‌కి పంపి, ఒక ప్రతి అత్తకి చూపిద్దామని ఉంచాను. వానలు తగ్గాక వెళ్దామనుకున్నాను.

నాన్న అక్కతో మాట్లాడేవాడు కాదు. రోజూ పొద్దున్నే గెడ్డ ఇవతల నిలబడి, ఆ ఇంటి కప్పు మీంచి పొగ లేవడం చూసి పనికి వెళ్ళేవాడు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళిద్దరి పలకరింపు అదే. ఈ వానల్లో రెండు రోజులు పొగ రాలేదు. మొదటి రోజు కట్టెలు తడిసుంటాయి అనుకున్నాడట. రెండో రోజు గెడ్డ దాటి వెళ్ళాడు. జ్వరం. నేల మీద, గోడ వైపు తిరిగి ఉందట. పక్కన తప్పేలాలో నీళ్ళు లేవు.

మోయడానికి నాన్న, బాబాయి, సంతలో ఆమె దగ్గర పసుపు కొనే ఇద్దరు మైదానం మనుషులు. ఊరివాళ్ళు గెడ్డ దాటకుండా ఊరి వైపు ఒడ్డునే నిలబడ్డారు. అమ్మ కూడా వాళ్ళ మధ్యలో ఉంది. గోతిలోకి దించుతుంటే అటు నుంచి ఎవరో కేకేశారు.

"మొకం కొండ దిక్కు తిప్పీయండోయ్! ఊరి మీదకి ఒద్దు!"

నాన్న గోతిలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. అక్క తల రెండు చేతుల మధ్యా పట్టుకున్నాడు. "ఒద్దు నాన్నా" అన్నాను. విన్నాడు. నా వైపు చూడలేదు. నెమ్మదిగా, నిద్రపోయేవాళ్ళ తల సర్దినట్టు, కొండ వైపు తిప్పేశాడు.

మర్నాడు రాతిబండ మీద ఉండగా ఎడిటర్ ఫోన్ చేశాడు. నేను పంపిన కొత్త పేజీలు చూశాడట.

"బాగా వచ్చిందండీ. కానీ లాస్ట్ పేజీలో ఆవిడ తిరుగుతుంది, ఏమీ జరగదు. ఎలా? టర్న్ అయ్యాక ఒక కిల్ ఉండాలి కదా. ఎమోషన్ ఉంది, రీజన్ ఉంది, విలన్ ఎక్కడ?"

"లేదండీ" అన్నాను.

"ఈ వారంలో మార్చేయండి. లేదంటే ఆ ఒక్క పేజీ ఇంకొకరితో వేయించాల్సి వస్తుంది."

ఇంటికొచ్చి, నా సంచిలోంచి ఆ పేజీ తీసి నాన్నకి చూపించాను. ఇప్పుడైనా సరిగ్గా చూస్తాడని. చాలాసేపు పట్టుకున్నాడు. బొటనవేలు బొమ్మలో ఆమె ముక్కుపుడకల మీదే ఉంది.

"ఇటు తిప్పీకమ్మా" అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"ఊరోళ్ళు సూత్తే మల్లీ మొదలెడతారు. అది పోనాది, దానికేటౌతాది? రేపు నిన్నంటారు. అత్త సూపు మేనకోడలికొచ్చిందంటారు. నీకు గెడ్డ అవతల ఇల్లు కట్టమంటావేటి నన్ను?"

వెనక నుంచి అమ్మ, "దాన్నేటి అడుగుతావు, దాని సదువు దానిది" అంది. నాన్న భయం ఒట్టిది కాదు. అది నాకు తెలుసు. ఊళ్ళో నాకిక పెళ్ళి మాట రాదని, నేనొచ్చినప్పుడు పక్కింటివాళ్ళు పిల్లల గిన్నెలు లోపల పెట్టుకోవచ్చని తెలుసు. నిన్న బస్సుకి బయల్దేరుతుంటే ఒకావిడ అప్పుడే తన పిల్లాడి గిన్నె లోపల పెట్టుకుంది.

ఆఖరి పేజీ ఇది. బొమ్మ తినేవాళ్ళ కంటితో ఉంటుంది. కింద తప్పేలా, అందులో సగం తాగిన అంబలి, చదివేవాళ్ళ చేతులు. ఎదురుగా వీపు. అది తిరుగుతుంది. ముడతలు, ముక్కుపుడకలు, విరిగిన ముందు పన్ను, తిండి వైపు చూసే రెండు కళ్ళు. కోరలు లేవు. "బాగా తింటన్నావే" అంటుంది. అంబలి అలాగే ఉంటుంది, చేతులు అలాగే ఉంటాయి.

ఎడిటర్‌కి ఈ పొద్దున్నే రాశాను. నాన్నకీ చెప్పాను. ఆ పేజీ తీస్తే పుస్తకమంతా వెనక్కి తీసుకుంటాను. నేను మాత్రం మార్చను.