పూర్ స్పెల్లర్‌కి నేను చెప్పిన అర్థం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. గుడివాడలో మా మేనత్తగారింట్లో ఉండి, ఆడపిల్లల బడిలో ఫస్టు ఫారం, అంటే ఆరో తరగతి, చదివేదాన్ని. మా నాన్నగారు తెలుగు చక్కగా చదివేవారు గానీ, ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నా చేతికిచ్చి పక్కనే కూర్చునేవారు. నేనేం చెబితే ఆయనకి అదే అర్థం. ఆ నమ్మకాన్ని నేనేం చేశానో చెప్పడానికి ఈ వయసులోనూ నాకు నోరు రావడం లేదు.

అసలు ఆ భాషకీ నాకూ పడేది కాదు. తెలుగులో పలికినట్టే రాస్తాం. ఇంగ్లీషులో నైఫ్ అని రాయాలంటే నోట్లో ఎక్కడా లేని కె ఒకటి తెచ్చి ముందు తగిలించాలట! డిక్టేషన్ అంటే నాకు చలిజ్వరమే. దసరా సెలవులకి ముందు ఇచ్చిన ప్రోగ్రెస్ కార్డులో మా ఇంగ్లీషు టీచరమ్మగారు ఎర్రసిరాతో రెండే మాటలు రాశారు. పూర్ స్పెల్లర్.

దానర్థం నాకు తెలుసు. తెలియక చేశానని మీరు జాలిపడొద్దు. సెలవులకి మా ఊరెళ్ళి సంతకానికి కార్డు ఇచ్చినప్పుడు నాన్నగారు ఆ ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేంటమ్మడూ, విడిగా రాశారు?" అన్నారు. పూర్ అంటే పేద, స్పెల్లర్ అంటే స్పెల్లింగు చెప్పే మనిషి, పేదపిల్లలకి స్పెల్లింగులు చెబుతున్నానని మెచ్చుకుని రాశారు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. చదువు చెప్పే ఆవిడ టీచరైతే, స్పెల్లింగు చెప్పేది స్పెల్లరు ఎందుకు కాకూడదు! ఆయన మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చున్న వాళ్ళందరికీ కార్డు చూపించారు. వాళ్ళలో ఒక్కరికీ ఇంగ్లీషు రాకపోవడం నా అదృష్టం అనుకున్నాను.

సెలవులయ్యాక నన్ను బడిలో దింపడానికి ఆయనే వచ్చారు, భుజాన చక్కెరకేళీ గెల పెట్టుకుని. మా బడి ఆవరణలోనే పల్లెల నుంచి వచ్చిన బీద క్రైస్తవ పిల్లల బోర్డింగు ఉండేది. ఆ గెల వాళ్ళకోసమట. వద్దని ఎలా చెప్పను? వరండాలో టీచరమ్మగారు కనబడగానే చెప్పులు విడిచి, కార్డు తీసి చూపిస్తూ, "మా అమ్మాయి పేదపిల్లలకి స్పెల్లింగులు చెబుతోందని రాశారు కదండీ. అంతా మీ చలవేనండీ," అన్నారు.

పక్కనున్న ఇంకో టీచరు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా నాన్నగారిని చూసి నవ్వబోతున్నారు, అదీ నా మూలంగా. టీచరమ్మగారు కార్డు చూశారు, నన్ను చూశారు, ఆ నవ్వబోయే ఆవిడని ఒక్క చూపుతో ఆపారు. "సంతోషమండీ. ఇవాళ సాయంత్రం కూడా మా పిల్లలు మీ అమ్మాయి కోసం చూస్తుంటారు," అన్నారు. నాన్నగారు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గుడ్ స్పెల్లర్ అంటే తప్పుల్లేకుండా రాసే మనిషనీ, పూర్ స్పెల్లర్ అంటే అలా రాయలేని మనిషనీ, ఆ పూర్‌కి బీదరికంతో సంబంధం లేదనీ, నాకు తెలిసిన సంగతే నిదానంగా చెప్పారు. "మీ నాన్నగారు ఊళ్ళో అందరికీ చెప్పుకుని ఉంటారు. ఆయన మాట అబద్ధం కాకుండా చూసుకో," అన్నారు.

సాయంత్రం బోర్డింగులో బోర్డు ముందు నిలబడ్డాను. ఆ పిల్లలకి మూడో తరగతి నుంచే ఇంగ్లీషు. ఎన్‌తో మొదలుపెట్టి నైఫ్ అని రాశాను. ముందు వరసలోని ఓ చిన్నపిల్ల లేచి దగ్గరకొచ్చి, మిగతావాళ్ళకి వినబడకుండా, "అక్కా, ముందు కె ఉండాలక్కా," అంది. దాని చేతిలో మా నాన్నగారు తెచ్చిన అరటిపండు ఉంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఆ ఏడాదంతా రోజూ వెళ్ళాను. ముందు నేను నేర్చుకుని, తర్వాత వాళ్ళకి చెప్పేదాన్ని. డిక్టేషన్ బాగుపడింది గానీ సిగ్గు తగ్గలేదు. నాన్నగారు ఆ మాట ఎంతమందికి చెప్పుకున్నారో! నిజం చెబుదామని చాలాసార్లు దగ్గరకి వెళ్ళాను. ఆయన నవ్వుమొహం చూసి ప్రతిసారీ వెనక్కి వచ్చేశాను. చివరికి ఆయన పోయారు.

ఇప్పటికీ ఎవరైనా ఆసుపత్రి చీటీయో, ఆఫీసు కాగితమో తెచ్చి "కాస్త చదివి పెట్టండమ్మా" అంటే కళ్ళజోడు తుడుచుకుని, మంచైనా చెడైనా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నన్ను నమ్మి అడిగిన మొదటి మనిషికి మాత్రం ఆ రెండు మాటలూ చదివి పెట్టలేకపోయాను.