గుంజకు కట్టిన తాడు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క వాక్యంలో చెప్పగలను. చేతిలో ఉండవలసిన తాడును గుంజకు కట్టాను. ఈ చిన్న వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

తాడు రెండో కొస మా బావ నడుముకు ఉంది. బావ ఏలూరు కాలవ అడుగున ఉన్నాడు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. ఆరేళ్లుగా అన్నం ముందు కూర్చున్నా, తాడేపల్లిగూడెం బియ్యపు మిల్లులో బస్తాలు లెక్క రాస్తున్నా, నా కుడి అరచేతిలో ఏదో లేనట్టు ఉండేది. బరువు అంటే మోసేది అనుకుంటారు. చేతిలో లేనిది కూడా బరువే.

మాది మండవల్లి దగ్గర కొల్లేటి ఒడ్డు పల్లె. మావాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. నడుముకు తాడు కట్టుకుని నీళ్లలోకి దిగేవాడి తాడును అతని భార్య తోబుట్టువే పట్టాలి. సొంత అన్నదమ్ములున్నా పక్కన నిలబడవలసిందే. దాయాది చావగోరతాడు, బావమరిది బతకగోరతాడు అని సామెత ఉండనే ఉంది. అక్క పసుపు కుంకాలు నా గుప్పిట్లో ఉంటాయి కాబట్టి నేను గుప్పిలి విప్పనని అందరి నమ్మకం.

బావ పేరు సత్యం. ఊపిరి బిగబట్టి కొల్లేట్లో చిక్కుపడిన వలలు విడదీసేవాడు. ఏలూరు మేస్త్రీ ఒకాయన అతని సంగతి విని పనికి పిలిచాడు. పడవలు దాటించే లాకుకు దగ్గరలో పెంకులు మోసే పడవ ఒకటి మునిగి దారికి అడ్డం పడింది. దాన్ని విడగొట్టి తీయాలి. ఈసారి ఊపిరి బిగబట్టక్కర్లేదు. మేస్త్రీ ఎక్కడినుంచో తలంతా మూసే ఇత్తడి టోపీ, సీసం అడుగుల బూట్లు, బారెడు చక్రం ఉన్న గాలి పంపు తెప్పించాడు. గట్టు మీద ఇద్దరు మనుషులు చక్రం తిప్పుతుంటే రబ్బరు గొట్టంలో గాలి కిందికి వెళ్తుంది. మాటలకు తాడు. ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే తాడు ఇంకాస్త వదులు చేయమని. నాలుగుసార్లు లాగితే వెంటనే పైకి తీయమని.

కాలవ గట్టున చిన్న పార్కు ఉంది. ఆ ఇత్తడి టోపీ వింత చూడటానికి రోజూ జనం అక్కడ చేరేవారు. అయిదు రోజులు పని సవ్యంగా సాగింది. ఆరో రోజు పొద్దున్న గంజి తాగి, టోపీ బిగించేముందు బావ నన్ను చూసి నవ్వాడు.

“ఒరేయ్ బామ్మర్దీ, తాడు జాగర్త. నాకేవన్నా అయితే మీ అక్క నీ ఇంటికొచ్చి కూర్చుంటది. ఆ నోటికి నువ్వు ఆగలేవు!”

చక్రం దగ్గరి వాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

బావ దిగిన అరగంటకు ఫొటో స్టూడియో అతను వచ్చాడు. పంపునూ పనివాళ్లనూ ఫొటో తీసి దుకాణం అద్దంలో పెడతానన్నాడు. “ఏవండీ, మీరు ఆ పంపు పక్కన నిలబడండి. చేతులో తాడుంటే బాగోదండీ, ఒక్క నిమిషం” అన్నాడు. ఏవండీ అని అంతకుముందు నన్ను పిలిచినవాడు లేడు. పడవలు కట్టే ఇనప గుంజ పక్కనే ఉంది. కొల్లేట్లో వల తాడు గుంజకు కట్టి ఒడ్డుకు వెళ్లి అన్నం తిని వస్తాం. వల ఎక్కడికీ పోదు. నా చేతులు ఆ అలవాటునే చేశాయి. రెండు చుట్లు, ఒక ముడి. బావ వల కాదన్న సంగతి నా చేతులకు తెలియదా? తెలుసు. చేతుల మీదికి నెట్టడం కూడా ఒక అబద్ధమే. కట్టింది నేను.

ఒక్క నిమిషంతో అవలేదు. తల దువ్వుకున్నాను. చొక్కా గుండీ పెట్టుకున్నాను. నడుం మీద చేయి వేసుకుని నిలబడ్డాను. ఒక ఫొటో చాలదని ఇంకొకటి తీయించుకున్నాను. ఇంతలో చక్రం తిప్పేవాడు “ఇదేంటీ, బరువెక్కిపోయింది” అని అరిచాడు. తిరిగి చూస్తే తాడు గుంజకు బిగుసుకుని వణుకుతోంది. చూస్తుండగానే వణుకు ఆగిపోయింది.

చక్రం వాళ్లు ఇటు చూసేలోపే ముడి విప్పేశాను. నలుగురం కలిసి లాగాం. పడవ పక్కబల్ల ఒకటి విరిగి గొట్టం మీద పడిందట. టోపీ విప్పితే రెండు చెవుల నుంచీ నెత్తురు. ఊపిరి ఉంది. అంతే.

బావను ఆసుపత్రికి బండిలో ఎక్కించాక మేస్త్రీ నా భుజం పట్టుకున్నాడు. ఆ నాలుగు మాటలూ ఇప్పటికీ అలాగే వినిపిస్తాయి.

“తాడేమన్నా లాగాడా?”

“లేదండీ.”

“గొట్టం నొక్కుకుపోతే లాగకుండా ఎలా ఉంటాడ్రా? మనిషి తెలివిలోనే ఉన్నాడా?”

“పొద్దున్న... కాస్త కల్లు తాగాడండీ.”

ఎందుకన్నాను? నన్నెవరూ అడగలేదు ఆ మాట. ముందరి అబద్ధం ఒంటరిగా నిలబడలేక తోడు కోరుకుంది. నీళ్లలో దిగే రోజు కల్లు ముట్టనని బావ పెళ్లిలోనే అక్కకు మాటిచ్చాడు. ఆ మాట తప్పినవాడు కాదు. అతని దగ్గర గంజి వాసన తప్ప మరొకటి రాలేదని నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

బావ బతికాడు. చెవులు పూర్తిగా పోయాయి. తన మాట తనకే వినపడక మాట్లాడటమూ మానేశాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రిలో కళ్లు తెరిచిన రోజున నా మణికట్టు పట్టుకుని గట్టిగా నాలుగుసార్లు లాగాడు. లాగి, నా మొహంలోకి చూశాడు. లాగాను కదా, నీకు తెలియలేదా అని అడగడం అది. నేను తల అడ్డంగా ఊపాను. లేదు, లాగలేదు. బావ చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. తనే భ్రమపడ్డానని ఆ రోజు నమ్మాడు. ఆ తరువాత ఊరందరికీ నన్ను చూపించి, రెండు చేతులతో తాడు లాగుతున్నట్టు చూపించి, దండం పెట్టేవాడు. వీడే నన్ను పైకి తీశాడని.

కల్లు మాట మాత్రం అతనికి చేరలేదు. వినలేడు, చదవలేడు. అక్కకు చేరింది. అక్క ఆరేళ్లూ అతనికి అన్నం పెడుతూ తిట్టింది. మాట తప్పిన మనిషివని, కల్లుకోసం కాపురం ముంచావని. అతను ఆమె పెదవులకేసి చూసి, ఏదో ఇంటి సంగతి చెబుతోందనుకుని తల ఊపేవాడు. అది నేను చూశాను. చూసి, ఆ సాయంత్రం బస్సుకే గూడెం మిల్లుకు వెళ్లిపోయాను. అలా ఎన్నిసార్లు వెళ్లిపోయానో చెప్పలేను.

ఫొటో నా దగ్గరే ఉంది. స్టూడియో అతను ఇస్తే ట్రంకు పెట్టెలో అడుగున దాచాను. అందులో నేను చక్కగా ఉన్నాను. నా మోచేతి వెనక ఇనప గుంజ ఉంది. దానికి నా ముడి ఉంది. ముడి నుంచి కాలవలోకి తాడు గీత గీసినట్టు తిన్నగా ఉంది. వదులుగా లేదు. నేను నవ్వుతున్న ఆ క్షణాన బావ లాగుతున్నాడు.

మొన్న వేసవిలో ఆ ఫొటో జేబులో పెట్టుకుని మండవల్లిలో దిగాను. దారి పొడుగునా చెప్పవలసింది వల్లె వేసుకున్నాను. వాకిట్లోకి వెళ్లేసరికి అదంతా పోయింది. బావ వల బాగుచేస్తున్నాడు. అక్క చేపలు తోముతోంది. ముందు అక్కకు చెప్పాను. గుంజ సంగతి, కల్లు సంగతి, ఆసుపత్రిలో తల ఊపిన సంగతి. ఏదీ మిగల్చలేదు.

అక్క చేతిలో చేప అలాగే ఉండిపోయింది. తల ఎత్తకుండానే అంది.

“ఆరేళ్లు తిట్టానురా. ఒక్కటీ ఆయనకి వినపడలేదు. ఇప్పుడు తప్పయిందయ్యా అంటే వినపడుద్దా?”

 

బావ ముందు కూర్చుని ఫొటో చేతికిచ్చాను. గుంజ మీద వేలు పెట్టాను. ముడి మీద పెట్టాను. తాడు వెంట కాలవ దాకా గీశాను. తరువాత అందులోని నా మొహం మీద పెట్టాను. బావ ఫొటోను వెలుతురుకు తిప్పి చూశాడు. పక్కన పెట్టాడు. నా మణికట్టు పట్టుకున్నాడు.

నాలుగుసార్లు లాగాడు.

ఈసారి నేను తల నిలువుగా ఊపాను. అవును, లాగావు.

అతను నా చేయి వదిలేశాడు. కొట్టలేదు. లేచి ఒడ్డున ఉన్న దోనె దగ్గరికి వెళ్లి, నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. అక్క వెళ్లి అతని వెనక నిలబడింది. నన్ను ఉండమని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు.

ఆ సాయంత్రం బస్సు ఎక్కలేదు. ఊళ్లో వలలు అల్లేవాళ్లు కూర్చునేచోటికి వెళ్లి, సత్యం ఆ రోజు గంజి తప్ప తాగలేదు, తాడు వదిలింది నేను అని అందరూ వినేలా చెప్పాను. ఒకాయన నా వైపు ఉమ్మేశాడు. మర్నాడు గుండుగొలను దగ్గర వంతెన పనిమీదున్న మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్లి అదే మాట చెప్పాను. “ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ” అన్నాడాయన. ఇప్పుడైనా, అన్నాను. మిల్లు పని మానేశాను.

ఇప్పుడు నేనుండేది ఈ పల్లెలోనే. రోజూ తెల్లవారేసరికి దోనె దగ్గర ఉంటాను. గెడ వేసి దోనె నడిపేది నేను, వల వేసేది బావ. క్షమించాడా అని నన్ను నేను అడగడం మానుకున్నాను. ఆ ప్రశ్న కూడా నా కోసమే అడిగేది. అందరికీ చెప్పేశాక ఊపిరి మాత్రం తేలిగ్గా వస్తోంది. అంతకన్నా నాకు రావలసింది లేదు.

వల చిక్కుపడితే బావ మొలలోతు నీళ్లలోకి ఇప్పటికీ దిగుతాడు, ఆయాసపడుతూనే. దిగేముందు నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస తనే దోనె ముక్కుకు కట్టుకుంటాడు. నాకివ్వడు. ఇవ్వమని నేనడగను. అతను పైకి వచ్చేదాకా ఆ ముడి పక్కన కూర్చుని, తాడు మీద నుంచి చూపు తిప్పకుండా చూస్తాను.