కనుబొమల సుందరీకరణ

పోయిన ఆదివారం కాదు, దానికి ముందు ఆదివారం, టెక్కలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ భోజనాల దగ్గర నా ముఖంలోకి చూసి, అందరూ వినేలా, "ఎన్నాళ్లనుంచి బాబూ ఈ జబ్బు?" అని అడిగింది. నాకే జబ్బూ లేదు. బీపీ కూడా లేదు. నాకు లేనివల్లా కనుబొమలు. అందులోనూ ఒకటి ఆ నిమిషానికి ఉన్నట్టే కనిపిస్తోంది.

మొదటినుంచీ చెప్తాను.

పత్రికలో డెస్కు మీద పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాశీబుగ్గలో ఉంటున్నాను. వయసు పెరిగేకొద్దీ నాకు తలమీద జుట్టు తగ్గి, కనుబొమల్లో పెరిగింది. ఒక్కో వెంట్రుక కళ్లజోడు ఫ్రేము దాటి అద్దం మీదికి దిగేది. పేపరు చదువుతుంటే అక్షరాల మీద అడ్డంగా గీత కనిపించేది. ఎవరో ప్రూఫు దిద్ది కొట్టేశారేమో అనుకునేవాణ్ని. అంతకుమించి వాటివల్ల నాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది మా మేనకోడలికి వచ్చింది.

మా చెల్లి రమణమ్మది ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరు. కొబ్బరి చెట్లు, కొంత జీడితోట. ఒక్కతే కూతురు, లావణ్య. టెక్కలిలో చదువుకునే రోజుల్లో సుధీర్ అనే కుర్రాణ్ని ఇష్టపడింది. అతనూ ఇష్టపడ్డాడు. అటు అమ్మానాన్నా సరే అన్నారు. మిగిలింది కుర్రాడి నాయనమ్మ ఒక్కతే. ఆవిడ మాట దాటే మనిషి ఆ ఇంట్లో లేరు. ఆవిడకి అమ్మాయి మీద అభ్యంతరం లేదు, మా నీళ్ల మీద ఉంది. "ఉద్దానం పిల్లా? ఆ నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయంట కదేటి" అందట.

ఈ మాట మా వైపు కొత్త కాదు. ఉద్దానం సంబంధం అనగానే జాతకం కన్నా ముందు రక్తపరీక్ష రిపోర్టు అడుగుతారు. చెల్లి ఇంట్లో ముగ్గురి రిపోర్టులూ బాగానే వచ్చాయి. పంపారు కూడా. అయినా ఆవిడ "కాయితాలెందుకు, అందర్నీ కళ్లతో సూత్తాను" అని ఆదివారం వస్తానని కబురు పెట్టింది.

ఈలోగా లావణ్య మా అందరి ఫోటో ఒకటి అటు పంపింది. ఆవిడ అందులో నామీద వేలు పెట్టి, "ఈ కోపిష్టి ఎవులు?" అని అడిగిందట.

వెంటనే నాకు ఫోన్. "మావయ్యా, నీ ఐబ్రోస్ కొంచెం షేప్ చేయించుకో. ప్లీజ్!"

"నేను కోపిష్టినా?"

"నువ్వు కాదు. అవి."

ఎలా చేయించుకోవాలో కూడా వివరంగా చెప్పింది. చిన్న దువ్వెనతో పైకి దువ్వి, గీత దాటిన చివర్లు మాత్రం కత్తెరతో ట్రిమ్ చేస్తారట. మధ్యలో ముక్కు మీద మొలిచినవి ఒకటో రెండో పట్టకారుతో లాగుతారట. "మా పార్లర్‌కి తీసుకెళ్తాను రా. రేజర్ మాత్రం ముట్టనివ్వకు మావయ్యా, ముఖం పోతుంది" అంది. నేను అన్నీ విన్నాను. కానీ ఆ పార్లర్ తలుపు మీద 'లేడీస్ ఓన్లీ' అని ఉంటుంది. అక్కరలేదు, నా మనిషి నాకున్నాడు అన్నాను. మా ఆవిడ విశాఖలో అమ్మాయి దగ్గర ఉంది. ఆపేవాళ్లు లేరు.

నా మనిషి అంటే సింహాచలం. బజారులో అతని షాపు. శనివారం సాయంత్రం నడుచుకుంటూ వెళ్లాను. దారంతా ఈ పనిని తెలుగులో ఏమనాలా అని ఆలోచన. ఇన్నేళ్లూ ఇంగ్లీషు మాట కనిపిస్తే కొట్టేసి తెలుగు మాట వేసిన చెయ్యి ఇది. 'కత్తిరింపు' అంటే బడ్జెట్ గుర్తొస్తుంది. 'క్రమబద్ధీకరణ' అంటే ఇళ్లస్థలాలు. 'సుందరీకరణ' అని ఒకటుంది, కానీ అది రోడ్డు డివైడర్లకి చేస్తారు. షాపు వచ్చేసింది. సరే, షేపు అనే అందాం అనుకున్నాను.

శనివారం కదా, షాపు ఖాళీ. టీవీలో ఎవరో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. ఫ్యాను టకటకమంటోంది. నేను కుర్చీలో కూర్చుని కళ్లజోడు తీసి అరలో పెట్టాను. కళ్లజోడు లేకపోతే అద్దంలో ఉన్నది నేనేనని నమ్మకం మీద ఒప్పుకోవాలి.

"కటింగా బాబూ?"

"కాదు. కనుబొమలు కొంచెం షేపు చెయ్యాలి."

"సాపు సెయ్యాలా?"

తప్పు ఎక్కడ జరిగిందంటే ఇక్కడే. డెస్కు మీద పనిచేసినవాడికి ఒక అలవాటు ఉంటుంది. విలేకరి ఎలా రాసి పంపినా, అతను ఏం చెప్పదలిచాడో మనమే ఊహించుకుని, దిద్దుకుని, ముందుకు పోతాం. మా వైపు 'చెప్పు' 'సెప్పు' అవుతుంది, 'చూడు' 'సూడు' అవుతుంది. అలాగే షేపు సాపు అయిందని నేను మనసులోనే దిద్దేసుకున్నాను. 'సాపు' అని వేరే మాట ఉందనీ, దానికి నున్నగా అని అర్థమనీ ఆ నిమిషంలో తట్టలేదు. మా అమ్మ వాకిలి అలికాక రోజూ అనే మాటే అది.

"అదే, సాపు" అన్నాను, అతని యాసని గౌరవిస్తూ.

"పూర్తిగానా?"

"మరి సగం చేస్తావా? రెండూ చెయ్యి."

సింహాచలం కొంచెం ఆగాడు. "ఏటైనా మొక్కా బాబూ?"

నా కనుబొమల్ని చూసి మొక్కా అని వేళాకోళమాడుతున్నాడు అనుకున్నాను. "మొక్కేంటయ్యా, తుప్ప!" అని నా జోకుకి నేనే నవ్వాను. అతను నవ్వలేదు. దేవుడి మొక్కు గురించి నవ్వకూడదు కదా.

తరవాత కళ్లమీద చల్లగా నురగ తగిలింది. "ఇదెందుకు?" అన్నాను. "మెత్తబడతాది" అన్నాడు. నిజమే అనిపించింది. ఎడమవైపు ఒక గీత. కుడివైపు ఒక గీత. వార్తల్లో ప్రకటనల విరామం కూడా రాకముందే పని అయిపోయింది. అతను బొటనవేలితో నా నుదురు నిమిరి, "సాపుగా వచ్చినాది" అన్నాడు.

ఆ నిమరడంలో ఆ మాటకి అర్థం గుర్తొచ్చింది.

కళ్లజోడు పెట్టుకుని చూశాను. పొట్టు తీసి, గ్రేడింగుకి బల్లమీద పెట్టిన జీడిపప్పులా ఉంది నా ముఖం. ముక్కలవలేదు, గుండుపప్పే! కానీ పప్పే.

"సింహాచలం, షేపు అన్నానయ్యా!"

"అదే కదండి బాబూ సేసినాను."

ఇంటికి వస్తుంటే టిఫిన్ కొట్టు ఆయన, "ఏటండి, సిక్కిపోనారు?" అన్నాడు. మందుల షాపులో, "మీసం తీసేశారా?" అన్నారు. మీసం ఉన్నచోటే ఉంది. ముఖంలో ఏది లేదో ఎవరికీ తెలియలేదు. ఏదో లేదని మాత్రం అందరికీ తెలిసింది.

మర్నాడు పొద్దున్నే చెల్లి ఇంటికి వెళ్లాను. లావణ్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"మావయ్యా... ఎక్కడ అవి?"

"సింహాచలం దగ్గర."

చెల్లి చేతిలో గరిటె పట్టుకుని బయటికొచ్చి, "అన్నియ్యా, ఈ రోజేనా నీకు?" అంది. ఏడవాలో తిట్టాలో తేల్చుకోలేక మళ్లీ వంటింట్లోకి పోయింది. బావ మాత్రం సాయం చెయ్యాలని చూశాడు. "కళ్లదాకా తలపాగా సుట్టేద్దాం బావా" అన్నాడు.

లావణ్య నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి తన ఐబ్రో పెన్సిల్ తీసింది. ఒకే గీత గియ్యకూడదట. వెంట్రుక మొలిచినట్టు చిన్న చిన్న గీతలు గీసి బ్రష్‌తో కలపాలట. పని బాగానే చేసింది. ఒకటే లోపం. ఆ పిల్ల చేతికి అలవాటైనవి ఆ పిల్ల కనుబొమలు. అవే గీసింది. సన్నగా, వంపు తిరిగి, నుదుటి మధ్యకి లేచి ఉన్నాయి. అద్దంలో నేను దేనికో ఆశ్చర్యపోతున్నాను. ముఖం ఎలా పెట్టినా ఆశ్చర్యం పోలేదు.

"కోపిష్టిలా లేవు కదా, అది చాలు" అంది లావణ్య.

వాళ్లొచ్చారు. కుర్రాడు, అమ్మానాన్నా, నాయనమ్మ. నాయనమ్మ చేతిలో స్టీలు సీసా. టెక్కలి నుంచి తన నీళ్లు తనే తెచ్చుకుంది. చెల్లి అప్పటికే చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది. ఆ సీసా చూసి చెంబు వెనక్కి పెట్టుకుంది.

మాటలు మొదలయ్యాయి. "దారిలో రైల్వే గేటు పడిందండి" అన్నాడు కుర్రాడి తండ్రి. నేను ఆశ్చర్యపోయాను. "మావాడు ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది." ఇంకా ఆశ్చర్యపోయాను. "నిజమేనండి" అని ఆయన ఫోన్ తీసి కొడుకు ఆఫీసు ఫోటో చూపించాడు. నేను మామూలుగానే చూశాను. ఆయన దాన్ని పెద్దది చేసి మళ్లీ చూపించాడు.

భోజనాలకి కూర్చున్నాం. పచ్చి జీడిపప్పు వేసిన కోడికూర, అదీ మా చెల్లి కారం. సముద్రం పక్క ఉక్క. కరెంటు పోయింది. నుదుటి మీద చెమట దిగుతోంది. కండువాతో ఒత్తుకున్నాను. ఎదురుగా లావణ్య తన ఎడమ కనుబొమ మీద వేలు పెట్టి చూపిస్తోంది. అక్కడ ఇంకా చెమట ఉందని చెబుతోంది పాపం అనుకుని, ఇంకోసారి గట్టిగా తుడుచుకున్నాను. లావణ్య కళ్లు మూసుకుంది.

నాయనమ్మ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. ముందు నా ముఖం చూసింది. తరవాత కండువా మీద నల్లటి మరక చూసింది.

"ఎన్నాళ్లనుంచి బాబూ ఈ జబ్బు?"

"జబ్బేమీ లేదమ్మా."

"నాకు సెప్పకు. పెద్దాసుపత్రిలో మందులెక్కిత్తే ఇలాగే రాలిపోతాయి. మా ఈదిలో ఒకాయనకి సూసినాను." కొడుకు వైపు తిరిగింది. "రిపోర్టులు ముగ్గురివే పంపినారు. ఈ బాబుది పంపనేదు. ఇదిగో, రంగేసి దాసినారు. నానేటన్నాను? ఆ నీళ్లే!"

సుధీర్ "నాయనమ్మా..." అంటూ ఆకు ముందునుంచి సగం లేచాడు. లావణ్య తలెత్తలేదు. ఆకులోని మెతుకుల్ని ఒకచోటికి చేరుస్తోంది. జబ్బు లేదని చెప్పడం సులువే. కనుబొమలు ఎందుకు లేవో చెప్పడమే కష్టం. చెప్పేశాను. ఫోటో, కోపిష్టి, షేపు, సాపు, అన్నీ వరసగా.

ఆవిడ నమ్మలేదు. "ఈ వయసులో కనుబొమ్మలు ఎవులైనా గీయించుకుంతారేటి?"

"గీసినవాణ్నే అడగండి" అని సింహాచలానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆదివారం షాపు నిండా జనం. నా గొంతు వినగానే, నేను ఒక్క ముక్క అడగకముందే మొదలుపెట్టాడు.

"బాబూ, నా తప్పు నేదు! సాపు సెయ్యాలా అనడిగినాను, అదే అన్నారు. పూర్తిగానా అంటే రెండూ సెయ్యమన్నారు. మొక్కా అనడిగితే తుప్ప అన్నారు!"

వెనకనుంచి షాపంతా నవ్వడం వినిపించింది. నాయనమ్మ ఫోన్ దగ్గరికి వంగింది.

"ఓరయ్యా, ఈ బాబుకి ఏటైనా రోగముందా?"

"రోగమేటమ్మా! నాకన్నా గట్టోడు. రోజూ నా కొట్టు ముందునుంచే జోరుగా నడిసెల్తాడు."

"మరెందుకు గీయించుకున్నాడు?"

"అందం కోసరమమ్మా!"

అప్పుడే కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. మిగిలిన ఒక్క కనుబొమతో నేను ఆశ్చర్యపోతూ కూర్చున్నాను. నాయనమ్మ నావైపు చూసింది. పెదాలు బిగించింది. ఆగలేకపోయింది. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తిరిగేలా నవ్వి, "ఇది రోగం కాదర్రా, సోకు!" అంది. నవ్వుకి పొలమారింది. సీసా ఎక్కడో గదిలో ఉంది. చెల్లి చెంబు అందించింది. ఆవిడ గడగడా తాగేసింది. తాగాక చెంబు వైపు చూసింది. మా వైపు చూసింది. "ఇంకొంచెం పొయ్యమ్మా" అంది.

సంబంధం ఖాయమైంది. ఒక్క షరతు పెట్టింది ఆవిడ. మా వైపు పెళ్లికూతుర్ని మండపానికి తీసుకొచ్చేది మేనమామే. లావణ్యకి ఉన్నది నేనొక్కణ్నే. ఫోటోలన్నిటిలో నేనుంటాను. "ఈ బాబుకి కనుబొమ్మలు మొలిసినాకే ముహూర్తం. పెన్సిల్ గీతలు నాకొద్దు" అంది. పంతులుగారు శ్రావణం అన్నారు.

అప్పటినుంచి రాత్రిపూట ఆముదం రాసుకుంటున్నాను. పొద్దున్నే లావణ్య వీడియో కాల్ చేస్తుంది. బాగున్నావా అని కూడా అడగదు. "మావయ్యా, లైట్ దగ్గరికి రా" అంటుంది. పక్కనుంచి సుధీర్ గొంతు, "ఎంతవరకు వచ్చాయి?"

డెస్కు మీద ఉన్నన్నాళ్లూ వార్త కాపీ కోసం ఇదే మాట నేను విలేకర్లని అడిగి ఏడిపించాను. ఇప్పుడు వాళ్లు చెప్పిన జవాబే నేనూ చెబుతున్నాను: సగం కాపీ వచ్చింది, మిగతాది దారిలో ఉంది.